పిన్‌బాల్ మెషిన్ ఇంటికి తెచ్చుకుంటున్నారా? ప్లగ్గు పెట్టే ముందు నుంచి పదిమంది ఆడేదాకా

పాత పిన్‌బాల్ మెషిన్ (అద్దం కింద వాలు పలక మీద ఉక్కు బంతిని ఆడించే ఆటయంత్రం) కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఒకటే: "బండి దిగింది, ఇప్పుడేం చేయాలి?" ముందు చేయకూడనిది చెప్తాం. ప్లగ్గు పెట్టకండి. 120 వోల్టుల దేశంలో ఏళ్లతరబడి నడిచిన మెషిన్‌ని మన గోడలోని 230 వోల్టులకు నేరుగా కలిపితే ఆట కన్నా ముందు పొగ మొదలవుతుంది. ఈ పనులకు ఒక వరస ఉంది. అది తప్పితే ఒక్క ఫ్యూజుతో పోవాల్సింది బోర్డు దాకా వెళ్తుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 1977 తర్వాత వచ్చిన సాలిడ్ స్టేట్ (ఎలక్ట్రానిక్ బోర్డులతో నడిచే) మెషిన్ల గురించి. అందులోనూ 80లు, 90ల నాటి బ్యాలీ, విలియమ్స్, గాట్‌లీబ్, డేటా ఈస్ట్ మెషిన్లు. అంతకు ముందు రిలేలతో నడిచిన ఎలక్ట్రోమెకానికల్ రకానికి తేడా ఉన్నచోట విడిగా చెప్తాం.

1. కొనే ముందు: ఏది బాగవుతుంది, ఏది కాదు

రేటు మాట్లాడే ముందు రెండు లెక్కలు వేసుకోండి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో, రాణిగంజ్‌లో తిరిగితే దొరికే సామానుతో బాగయ్యేవి మొదటి లెక్క: డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, ఫ్యూజులు, కనెక్టర్లు, వైర్లు, నట్లు, బోల్టులు, తాళాలు. బయటి దేశం నుంచి తెప్పిస్తే తప్ప దొరకనివి రెండో లెక్క: ప్లేఫీల్డ్ (బంతి తిరిగే పలక) మీది బొమ్మల ప్లాస్టిక్కులు, ర్యాంపులు (బంతి ఎక్కే వాలుదారులు), బ్యాక్‌గ్లాస్ (మెషిన్ తల మీది బొమ్మ అద్దం), ఆ మోడల్‌కే చేసిన ఆటవస్తువులు.

అందుకే బోర్డు పనిచేయక, ప్లేఫీల్డ్ శుభ్రంగా ఉన్న మెషిన్, ఆడుతూ ఉన్నా రంగు చెక్క దాకా అరిగిపోయిన మెషిన్ కన్నా మంచి బేరం. చాలామంది దీనికి తిరగేసి ఆలోచిస్తారు, ఎందుకంటే లైట్లు వెలుగుతుంటే కళ్లు అటే పోతాయి.

అమ్మేవాళ్లను అడగాల్సినవి:

☐ చల్లగా ఉన్న మెషిన్‌ని ఆన్ చేసి, ఆపకుండా ఐదు నిమిషాలు తీసిన వీడియో
☐ సీపీయూ బోర్డు దగ్గరి ఫొటో, బ్యాటరీలున్న మూల స్పష్టంగా కనిపించేలా
☐ ప్లేఫీల్డ్ పైకెత్తి అడుగుభాగం ఫొటో
☐ ఫ్లిప్పర్ల (బంతిని కొట్టే రెక్కల) ముందు, బాల్ బయటికొచ్చే గుంత చుట్టూ ప్లేఫీల్డ్ ఫొటో. అరుగుదల ముందుగా అక్కడే కనిపిస్తుంది
☐ ట్రాన్స్‌ఫార్మర్ మీది లేబుల్, పవర్ కార్డు ప్లగ్గు
☐ మాన్యువల్ ఉందా లేదా. లేకపోతే ఐపీడీబీ అనే పిన్‌బాల్ డేటాబేస్‌లో చాలా మోడళ్లకు దొరుకుతుంది

బయటి నుంచి తెప్పిస్తుంటే డబ్బు కట్టే ముందే కస్టమ్స్ బ్రోకర్‌తో కూర్చోండి. నాణేలతో నడిచే ఆటయంత్రాలు కస్టమ్స్ సుంకాల పట్టికలో 9504 నంబరు కింద వస్తాయి. కొత్త సరుకుకు, వాడిన సరుకుకు డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) నిబంధనలు ఒకేలా ఉండవు. మీ మెషిన్ ఏ కోవలోకి వస్తుందో, సుంకం ఎంతో బ్రోకర్ దగ్గర రాతలో తీసుకోండి. చెక్కపెట్టెలో వస్తే ఆ చెక్కకు ఐఎస్‌పీఎం-15 ముద్ర (పురుగు లేకుండా శుద్ధి చేసినట్టు గుర్తు) ఉండాలి, లేకపోతే పెట్టె రేవు దగ్గరే ఆగుతుంది. సనత్‌నగర్ కంటెయినర్ డిపో దాకా వస్తుందా, రేవులోనే విడిపించుకుని రోడ్డు మీద తేవాలా అన్నది కూడా ముందే తేలాలి. రవాణా ఖర్చు అక్కడే మారిపోతుంది.

2. మోత: లిఫ్ట్ తలుపు కొలిచాకే హమాలీలను పిలవండి

90ల నాటి మెషిన్ సుమారు 115 నుంచి 135 కిలోలుంటుంది. బరువుకు లిఫ్ట్ భయపడదు, ఆరుగురి లిఫ్ట్ 408 కిలోలు మోస్తుంది. ఇబ్బంది తలుపుతోనే. చిన్న అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ తలుపు 70 సెంటీమీటర్లే ఉంటుంది. బ్యాక్‌బాక్స్ (వెనక నిలబడే తలపెట్టె) వెడల్పు 73 దాకా. ఆ మూడు సెంటీమీటర్ల కోసం ఐదో అంతస్తు దాకా మెట్లెక్కాల్సి రావచ్చు. అలాంటప్పుడు బ్యాక్‌బాక్స్ విప్పి విడిగా తేవడమే దారి. కేబినెట్ (కింది పెట్టె) వెడల్పు 56 సెంటీమీటర్లే కాబట్టి అది దూరుతుంది.

విప్పే వరస ఇది.

అ) కాయిన్ డోర్ (ముందున్న నాణేల తలుపు) తెరిచి, లోపలి లివర్ లాగి, ముందున్న లాక్‌బార్ (అద్దాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీ) తీయండి. అద్దం కిందికి జారుతుంది. దాన్ని అంచు మీద టైల్స్‌కో గ్రానైట్‌కో ఆనించకండి. టెంపర్డ్ గ్లాస్ ముఖం మీద దెబ్బ తట్టుకుంటుంది గానీ అంచు మీద తగిలితే ఒక్కసారిగా పొడైపోతుంది. కింద అట్టముక్కో దుప్పటో తప్పనిసరి.

ఆ) బాల్స్ అన్నీ తీసి లెక్కపెట్టి రాసుకోండి. లోపల వదిలేస్తే దారిలో ప్రతి కుదుపుకీ ప్లేఫీల్డ్‌ని కొడతాయి.

ఇ) అద్దం తిరిగి పెట్టి, లాక్‌బార్ బిగించి, పైన దుప్పటి పరిచి బ్యాక్‌బాక్స్‌ని ముందుకు మడవండి. పాతవాటిలో కొన్నిటికి మడత ఉండదు. వాటి కనెక్టర్లు ఊడదీసి, ప్రతిదానికీ టేపు మీద నంబరు రాసి, ఫొటో తీశాకే బోల్టులు విప్పాలి.

ఈ) ఇద్దరు వెనకభాగం ఎత్తి పట్టుకుంటే మూడోవారు వెనక కాళ్లు తీస్తారు. కాలికి రెండు బోల్టులు, 5/8 అంగుళాల పానా సరిపోతుంది. వెనకభాగాన్ని దుప్పటి మీదికి దించి, మెషిన్‌ని వీపు మీద నిలబెట్టి ముందు కాళ్లు తీయండి. ఆ నిలువులోనే చక్రాల ట్రాలీ మీద బెల్టుతో కట్టి తోయాలి.

హమాలీలకు ఒక మాట ముందే చెప్పాలి: లోపల అద్దం ఉంది, ఫ్రిజ్‌లా పక్కకు పడుకోబెట్టకూడదు.

3. కరెంటు: ఒక పూట పట్టినా సరే, ఇదే అసలు పని

ముందు మన గోడ. మల్టీమీటర్‌తో మెషిన్ పెట్టబోయే సాకెట్‌ని కొలవండి. ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య 220 నుంచి 240. ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య దాదాపు అంతే. న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య రెండు మూడు వోల్టుల లోపు. చివరిది పది, ఇరవై చూపిస్తే ఎర్తింగ్ సరిగా లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి గుంతలో నీళ్లు పోసి వెళ్తే సరిపోదు, అసలు ఎర్త్ వైరు మీటరు బోర్డు నుంచి ఆ సాకెట్ దాకా వచ్చిందో లేదో చూపించమనండి. పాత ఇళ్లలో సాకెట్‌కి మూడు రంధ్రాలు ఉంటాయి, వెనక రెండే వైర్లుంటాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే ఈ యంత్రంలో చెయ్యి పెట్టేవన్నీ ఇనుమే. లాక్‌బార్, సైడ్ రెయిళ్లు, కాయిన్ డోర్. లోపల వైరు తెగి వాటికి తగిలితే ఆడే పిల్లవాడి రెండు చేతులూ అక్కడే ఉంటాయి. సాకెట్ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపే స్విచ్) పెట్టించండి.

తర్వాత మెషిన్ పవర్ కార్డు, అంటే ప్లగ్గు తీగ. ఎర్త్ పిన్ను విరగ్గొట్టేసిన ప్లగ్గులు చాలా కనిపిస్తాయి. కార్డు మొత్తం మార్చి మన మూడు పిన్నుల ప్లగ్గు పెట్టండి. పెట్టాక, ప్లగ్గు ఎర్త్ పిన్నుకీ కాయిన్ డోర్‌కీ మధ్య నిరోధం కొలవండి, ఒక ఓమ్ లోపు రావాలి. సైడ్ రెయిళ్లకు, లాక్‌బార్‌కు, కాళ్ల బోల్టులకు కూడా కొలవండి.

ఇప్పుడు వోల్టేజీ. రెండు దారులున్నాయి.

మొదటిది, మెషిన్ ట్రాన్స్‌ఫార్మర్‌నే 230కి మార్చడం. 80లు, 90ల మెషిన్లలో చాలావాటి ట్రాన్స్‌ఫార్మర్లకు 120కీ 230కీ ట్యాపులుంటాయి. ప్లగ్గు కనెక్టర్‌లోని జంపర్ వైర్లు మార్చితే చాలు, కొన్నిటికి ట్యాగుల మీద టంకం పెట్టాలి. బొమ్మ మాన్యువల్‌లోనే ఉంటుంది. జంపర్లు మార్చి ఆగిపోవడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు. దానితోపాటు మరో రెండు మారాలి. ప్రధాన ఫ్యూజు విలువ 230కి తక్కువ, మాన్యువల్‌లో రెండూ రాసి ఉంటాయి. పవర్ బాక్సులోని వేరిస్టర్ (వోల్టేజీ ఎగిరితే అడ్డుకునే భాగం) 120 వోల్టుల లైను కోసం పెట్టింది, దాని బదులు 275 వోల్టులది పెట్టాలి. పాతది అలాగే ఉంటే స్విచ్ వేసిన క్షణంలో పేలుతుంది. బెదిరిపోయి ట్రాన్స్‌ఫార్మర్ పోయిందనుకుంటారు, పోయింది వేరిస్టర్, ఫ్యూజు మాత్రమే.

రెండోది, 230 నుంచి 110కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. మెషిన్‌లో ఏమీ మార్చకూడదనుకునేవారికి ఇది. కనీసం 1000 వీఏ తీసుకోండి, ఫ్లిప్పర్లు ఒకేసారి కొట్టినప్పుడు లాగే కరెంటును చిన్నవి తట్టుకోవు. బజారులో దొరికే చాలా స్టెప్‌డౌన్ డబ్బాలకు అవుట్‌పుట్ రెండు రంధ్రాలదే, అంటే ఎర్త్ అక్కడితో ఆగిపోయింది. ఎర్త్‌ని లోపలి నుంచి అవుట్‌పుట్ సాకెట్ దాకా తెచ్చి ఇమ్మని అడగండి, ఇచ్చాక కొలవండి.

వీలున్నచోట మొదటి దారే మేలని మా అభిప్రాయం. డబ్బా ఒకటి తగ్గుతుంది, ఎవరో పొరపాటున మెషిన్ ప్లగ్గును గోడకే పెట్టేసే ప్రమాదమూ ఉండదు. మార్చాక పవర్ కార్డు మీద "230 వోల్టులకు మార్చబడింది", తేదీ, రాసి అంటించండి.

మన 50 హెర్ట్జ్‌తో సాలిడ్ స్టేట్ మెషిన్లకు పెద్ద చిక్కు లేదు, ట్రాన్స్‌ఫార్మర్ కాస్త వేడెక్కుతుందంతే. 60 హెర్ట్జ్‌కు చేసిన ఎలక్ట్రోమెకానికల్ మెషిన్లలో మాత్రం స్కోరు మోటారు ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, పాయింట్లు నింపాదిగా పడతాయి. అది లోపం కాదు. ఇంటి ఇన్వర్టర్ మీద ఏ పిన్‌బాల్‌నీ నడపకండి.

4. మూత తీసి చూడటం (ఇంకా ప్లగ్గు పెట్టలేదు)

ముందు బ్యాటరీలు. విలియమ్స్‌లో మూడు ఏఏ బ్యాటరీలు సీపీయూ బోర్డు మీదే ఉంటాయి. 70ల చివరి బ్యాలీ బోర్డుల మీద 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం సెల్లు టంకం పెట్టి ఉంటుంది. కారిన బ్యాటరీ రసం బోర్డు రాగి గీతల్ని తింటుంది, పైనున్నది కిందికి కారి సాకెట్లనూ చెడగొడుతుంది. పచ్చగానో బూడిద రంగులోనో ఉప్పులా కనిపిస్తే బ్యాటరీ తీసేసి, తెల్ల వెనిగర్‌లో ముంచిన బ్రష్‌తో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఒకరోజు ఆరనివ్వండి. గీత తెగిన చోట సన్నని వైరుతో కలపాలి. రసం పాకకపోయినా బ్యాటరీలను బోర్డు మీద ఉంచకండి. వైరు పొడవుగా తీసి హోల్డర్‌ని కింద కేబినెట్‌లో పెట్టండి, కారినా బోర్డుకు అంటదు.

తర్వాత ఫ్యూజులు. హోల్డర్‌లోంచి ప్రతిదాన్నీ తీసి మీటరుతో చూడాలి, కంటితో చూస్తే చాలదు. విలువను మాన్యువల్‌తో సరిపోల్చండి. 2.5 ఆంపియర్లు ఉండాల్సిన చోట 10 ఆంపియర్లదో, సిగరెట్ డబ్బా రేకో, వైరు చుట్టో కనిపించడం మామూలే. అదెందుకు పెట్టారో కారణం దొరికేదాకా ఆ సర్క్యూట్‌ను నమ్మకండి.

కనెక్టర్లను కూడా చూడండి. లైట్లకు కరెంటు వెళ్లే కనెక్టర్లు ఎన్నో ఏళ్లు వేడెక్కి గోధుమ రంగుకు, తర్వాత నల్లగా మారతాయి. పిన్నుతోపాటు ఎదుటి గుల్లనూ మార్చాలి. ఒకటే మార్చితే పాతది కొత్తదాన్ని మళ్లీ కాలుస్తుంది.

చివరగా కాయిల్స్, అంటే కరెంటు ఇస్తే కడ్డీని లాగి ఫ్లిప్పర్లలాంటివాటిని కొట్టించే తీగచుట్లు. ప్రతి కాయిల్ రెండు ట్యాగుల మధ్య నిరోధం కొలవండి. రెండు ఓమ్‌ల కన్నా తక్కువ వస్తే ఆగండి: కాయిల్ కాలి ఉండాలి, లేదా డయోడ్ షార్ట్ అయి ఉండాలి. డయోడ్ ఒక కాలు విప్పి మళ్లీ కొలిస్తే ఏది దోషో తేలుతుంది. అసలు డయోడ్ 1ఎన్4004, కోఠిలో ఎక్కడైనా దొరికే 1ఎన్4007 పెట్టినా చాలు. గీత ఉన్న కొస కరెంటు వచ్చే వైరు వైపుండాలి. తిరగేసి పెడితే మొదటి దెబ్బకే ట్రాన్సిస్టర్ పోతుంది.

5. మొదటిసారి ఆన్

అ) కాయిల్స్‌కు వెళ్లే ఫ్యూజులు తీసి పక్కన పెట్టండి.
ఆ) పవర్ బోర్డు నుంచి సీపీయూకు వెళ్లే కనెక్టర్ ఊడదీయండి. ఆన్ చేసి 5 వోల్టుల దగ్గర కొలవండి. 4.9 నుంచి 5.2 మధ్య ఉండాలి.
ఇ) ఆఫ్ చేసి కనెక్టర్ పెట్టి మళ్లీ ఆన్ చేయండి. బోర్డు మీది ఎల్ఈడీలు మాన్యువల్‌లో చెప్పినట్లు వెలిగి, డిస్‌ప్లే రావాలి.
ఈ) కాయిన్ డోర్ లోపలి బటన్లతో టెస్ట్ మెనూకి వెళ్లి, ముందు స్విచ్‌లు, తర్వాత లైట్లు పరీక్షించండి. స్విచ్‌లు సరికాకముందే కాయిల్స్‌కు కరెంటు ఇస్తే మూసుకుపోయిన స్విచ్ ఒకటి కాయిల్‌ని ఆపకుండా కొట్టిస్తుంది.
ఉ) ఆఫ్ చేసి కాయిల్ ఫ్యూజులు పెట్టండి. ఇప్పుడు ఆన్ చేసేటప్పుడు చెయ్యి స్విచ్ మీదే ఉండాలి. అది మామూలుగా కేబినెట్ అడుగున ముందువైపు కుడిచేతి మూల. ఏ కాయిలైనా టక్కుమని కొట్టి అలాగే పట్టుకుంటే వెంటనే ఆపేయండి. దాని ట్రాన్సిస్టర్ షార్ట్ అయింది, అర నిమిషంలో కాయిల్ కాలుతుంది.

ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు మిగులుతుంది, చుక్కల డిస్‌ప్లే బోర్డుల మీద వంద వోల్టులకు పైనే తిరుగుతుంది. మూడు నాలుగు నిమిషాలు ఆగి, కొలిచి, తర్వాతే చెయ్యి పెట్టండి.

కాయిన్ డోర్ తెరిచి ఉంటే ఫ్లిప్పర్లు పనిచేయట్లేదని కంగారుపడేవారు చాలామంది. 90ల మధ్య నుంచి వచ్చిన విలియమ్స్, బ్యాలీ మెషిన్లలో తలుపు తెరిస్తే కాయిల్ వోల్టేజీ ఆగిపోతుంది, భద్రత కోసమే అలా పెట్టారు.

6. శుభ్రం, రబ్బర్లు, బాల్

నీళ్లు వద్దు. ప్లేఫీల్డ్ చెక్క పలకే, పైపొర పగిలిన చోట తేమ తాగి ఉబ్బుతుంది. అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవం, కిరోసిన్, డబ్బాలోంచి కొట్టే నూనె స్ప్రే కూడా వద్దు. స్ప్రే చేసిన నూనె మన దుమ్ముతో కలిసి నెలలో జిగురవుతుంది, పైగా కాయిల్ నిప్పురవ్వకు అంటుకునే స్వభావం దానిది.

పైనున్నవన్నీ విప్పే ముందు నాలుగు వైపుల నుంచి ఫొటోలు. మరలను మూలల వారీగా చిన్న డబ్బాల్లో వేయండి. మెత్తని బ్రష్‌తో వాక్యూమ్, నలుపు గీతలకు నోవస్ 2 లాంటి ప్లాస్టిక్ పాలిష్, చివరగా శుద్ధమైన కార్నోబా మైనం పలచగా రెండు పూతలు. రంగు ఊడుతున్న చోట పాలిష్ రుద్దకండి, మైనంతో ఆపేయండి.

రబ్బరు రింగులు మోడల్‌కు తగిన సెట్టుగా ఒకేసారి మార్చండి. మన ఎండకు సహజ రబ్బరు గట్టిపడి పగుళ్లు పడుతుంది. ఏడాదికోసారి ఫ్లిప్పర్ రబ్బర్లు, రెండేళ్లకోసారి మిగతావి చూసుకోవాలి. రాణిగంజ్‌లో దొరికే నల్ల ఓ-రింగులు చిన్న పోస్టులకు అత్యవసరంగా పనికొస్తాయి. బంతి తగిలి ఎగిరే చోట పెడితే ఆట చచ్చుబడుతుంది.

బాల్ 27 మిల్లీమీటర్లు, 80 గ్రాముల ఉక్కు. గోటికి గీత తగిలితే మార్చేయాలి, గరుకు బాల్ ప్లేఫీల్డ్‌ని ఆకురాయిలా గీరుతుంది. బేరింగ్ దుకాణాల్లో 1 1/16 అంగుళాల బాల్స్ దొరుకుతాయి, అయితే అద్దంలా మెరిసేవే తీసుకోండి. ప్లేఫీల్డ్ కింద అయస్కాంతాలున్న మోడళ్లలో బేరింగ్ బాల్స్ అయస్కాంతంగా మారి ఒకదానికొకటి అంటుకుంటాయి, వాటికి పిన్‌బాల్ కోసమే చేసినవి తెప్పించండి. లెక్క తగ్గితే ఒప్పుకోని మోడళ్లున్నాయి. నాలుగు ఉండాల్సిన చోట మూడు వేస్తే మెషిన్ నాలుగోదాన్ని వెతుకుతూ కాయిల్స్ కొడుతుంది. 1993 నాటి ట్విలైట్ జోన్‌కైతే ఉక్కు బాల్స్‌తోపాటు ఒక తెల్ల సెరామిక్ బాల్ కూడా ఉండాలి.

7. నిలబెట్టడం

మన ఇళ్లలో నేల నీళ్లు పోయేలా కాస్త వాలుగా ఉంటుంది, పాత ఇళ్ల షాబాద్ బండలైతే ఒక్కో బండది ఒక్కో లెక్క. కాబట్టి నేలను కాదు, ప్లేఫీల్డ్‌నే కొలవాలి. అద్దం తీసి, రసమట్టం ప్లేఫీల్డ్ మీద అడ్డంగా పెట్టి ముందు ఎడమ కుడి సమం చేయండి. ఫ్లిప్పర్ల దగ్గర ఒకసారి, పైభాగంలో ఒకసారి చూడండి. తర్వాతే వెనక కాళ్ల లెవెలర్లు తిప్పి వాలు పెట్టాలి. సాలిడ్ స్టేట్ మెషిన్లకు 6.5 డిగ్రీలు, ఎలక్ట్రోమెకానికల్ వాటికి మూడున్నర, నాలుగు చాలు. ఫోన్‌లోని కొలమానం పనికొస్తుంది. లాక్‌నట్టు పానాతో బిగించండి, లేకపోతే ఊపుడికి నెలలో జారిపోతుంది. కాళ్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు పెడితే టైల్స్‌కు, కింది ఇంటివాళ్లకు మేలు.

8. ఫ్లిప్పర్లు

ఆట బాగోలేదంటే పదిలో ఎనిమిది సార్లు తప్పు ఇక్కడే. ర్యాంపు ఎక్కక సగంలో తిరిగొస్తుంటే వాలు తగ్గించేస్తారు. అది పరిష్కారం కాదు. ఫ్లిప్పర్ విప్పండి.

ఏం అరుగుతాయంటే: ప్లంజర్ (కాయిల్ లోపలికి లాగే ఇనుప కడ్డీ) కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, కాయిల్ లోపలి నైలాన్ స్లీవ్ గీతలు పడుతుంది, ప్లంజర్‌ని ఫ్లిప్పర్‌కి కలిపే లింక్ రంధ్రం వదులవుతుంది, ప్లంజర్ వచ్చి ఆగే కాయిల్ స్టాప్ గుంట పడుతుంది. నాలుగూ ఒకదాని అరుగుదలను ఇంకొకటి పెంచుతాయి కాబట్టి ఒకేసారి మార్చాలి. కాయిల్ మాత్రం కాలకపోతే మార్చక్కర్లేదు.

అ) బాల్స్ తీసి ప్లేఫీల్డ్ ఎత్తండి. ఫొటో తీయండి.
ఆ) కాయిల్ స్టాప్ బోల్టులు రెండూ విప్పితే కాయిల్ జారి వస్తుంది. స్లీవ్ తోసేయండి. రాకపోతే కాయిల్ వేడికి లోపల ముడుచుకుంది, ఆ కాయిల్ కూడా మార్చాలి.
ఇ) కొత్త స్లీవ్, ప్లంజర్, లింక్, స్టాప్ పొడిగానే బిగించండి. నూనె, గ్రీజు ఒక్క చుక్క వేయకూడదు.
ఈ) ఫ్లిప్పర్ కమ్మీని బిగించేటప్పుడు పైకీ కిందికీ ఒక మిల్లీమీటరు లోపు ఆడేలా సందు ఉంచండి. సందు లేకపోతే ప్లేఫీల్డ్‌కి రాసుకుని నెమ్మదిస్తుంది.
ఉ) కోణం కోసం ఫ్లిప్పర్ కొస దగ్గర ప్లేఫీల్డ్‌లో చిన్న రంధ్రం ఉందేమో చూడండి. అందులో పన్నుపుల్ల నిలబెట్టి, ఫ్లిప్పర్‌ని దానికి ఆనించి బిగించండి. రంధ్రం లేకపోతే పక్కనున్న ఇన్‌లేన్ (బంతిని ఫ్లిప్పర్‌కి చేర్చే దారి) తీగ వరసలో ఉండాలి.
ఊ) చివర ఈవోఎస్ స్విచ్, అంటే ఫ్లిప్పర్ ఊపు చివర మారే స్విచ్. ఫ్లిప్పర్ పూర్తిగా లేచినప్పుడు మాత్రమే మారాలి. పాత రకంలో అది అప్పటిదాకా మూసి ఉండి, లేచాక ఒకటిన్నర మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కాయిల్ కాలుతుంది, ముందే తెరుచుకుంటే దెబ్బ బలహీనం. ఈ పాత రకం టంగ్‌స్టన్ కొసలను సన్నని ఆకురాయితో గీయవచ్చు. మిగతా స్విచ్‌ల బంగారుపూత కొసలను ఎప్పుడూ గీయకండి, విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి లాగితే చాలు.

9. తరచూ వచ్చే తిప్పలు

రెండు ఫ్లిప్పర్లూ నొక్కగానే మెషిన్ రీస్టార్ట్ అవుతోంది: 5 వోల్టులు పడిపోతున్నాయి. బోర్డు విప్పే ముందు గోడ వోల్టేజీ చూడండి. ఎండాకాలం సాయంత్రాలు అన్ని ఇళ్లలో ఏసీలు నడిచే వేళ 200 దగ్గరికి జారితే బోర్డులో ఏ లోపం లేకపోయినా ఇదే జరుగుతుంది. 2 కేవీఏ స్టెబిలైజర్‌తో పోతుంది. వోల్టేజీ బాగుండి కూడా వస్తుంటే 5 వోల్టుల బ్రిడ్జ్ రెక్టిఫయర్, దాని పక్క పెద్ద కెపాసిటర్, వాటి కనెక్టర్ అనుమానించండి.

ఒకే వరుసలోని స్విచ్‌లన్నీ పనిచేయడం లేదు: స్విచ్‌లు గళ్లలా అడ్డం, నిలువు వైర్లతో కలిపి ఉంటాయి. వరుస మొత్తం పోతే వైరు తెగింది లేదా కనెక్టర్ ఊడింది. ఒకటి నొక్కితే మూడు పలుకుతుంటే ఒక డయోడ్ షార్ట్.

ఒకే కాయిల్ కొట్టదు: ఎక్కువసార్లు ట్యాగు దగ్గర వైరు ఊడి ఉంటుంది, అదురుకు టంకం వదిలేస్తుంది. బోర్డు అనుమానం చివరికి.

ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతోంది: పెద్ద ఫ్యూజు పెట్టకండి. ఆ లైనులోని కాయిల్స్ ఒక్కొక్కటి విడదీసి వెతకండి.

సామాను డబ్బాలో ఎప్పుడూ ఉండాల్సినవి:

☐ ప్రతి విలువ ఫ్యూజు 5 చొప్పున
☐ టీఐపీ102 ట్రాన్సిస్టర్లు 5, టీఐపీ36సీ 2
☐ 1ఎన్4007 డయోడ్లు 20
☐ కాయిల్ స్లీవ్‌లు 6, ఫ్లిప్పర్ సెట్టు 1
☐ రబ్బర్ల సెట్టు 1, బాల్స్ ఒక మెషిన్‌కు సరిపడా
☐ మల్టీమీటర్, టంకం పెట్టే ఐరన్, టంకం పీల్చే పంపు, అంగుళాల పానాల సెట్టు

చివరిది మర్చిపోకండి. ఈ మెషిన్లలో మిల్లీమీటర్ల నట్లు దాదాపు ఉండవు, దగ్గరి సైజు పానా పెడితే మూలలు గుండ్రమవుతాయి.

10. ఎండ, వాన, చెదలు

కిటికీ ఎండ బ్యాక్‌గ్లాస్ రంగును, రబ్బర్లను తినేస్తుంది, మందపాటి పరదా వేయండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తేమ కొలిచే చిన్న మీటరు గదిలో పెట్టి 60 శాతం లోపు ఉండేలా చూడండి. కేబినెట్‌లో సిలికా జెల్ సంచులు పెట్టి, నెలకోసారి ఎండలోనో ఓవెన్‌లోనో ఆరబెట్టుకోవచ్చు. వాడకపోయినా వారానికోసారి అరగంట నడపండి, లోపలి వేడికి తేమ పోతుంది.

గోడకు ఆనించకండి, అరచెయ్యి దూరం వదిలితే చెదల మట్టిగీత కనిపిస్తుంది. మందు కొట్టించాల్సి వస్తే నేలకూ గోడకూ మాత్రమే, కేబినెట్‌లోకి కాదు. వెనక గాలి రంధ్రాలకు సన్నని జాలీ బిగించండి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, బల్లులు బోర్డు వెచ్చదనానికి చేరి రెండు పిన్నుల మధ్య పడి చస్తాయి. బల్లి పడితే శకునం చూసేవాళ్లున్నారు. ఇక్కడ పడితే ఫ్యూజు చూడాలి.

ఏప్రిల్, మే గాలివానల వేళ ప్లగ్గు తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు.

11. పదిమందిని పిలిచే ముందు

మెషిన్‌ని ఫ్రీ ప్లేలో (నాణెం లేకుండా ఆడేలా) పెట్టండి. నాణెం, డబ్బు అడగడం మొదలుపెడితే అది వ్యాపారమవుతుంది, అనుమతుల లెక్క వేరు. పదిమందికి రెండు మెషిన్లు సరిపోతాయి. నలుగురు ఆడే ఒక ఆటకు ఇరవై నిమిషాలు వేసుకోండి.

పోటీ పెట్టాలనుకుంటే నలుగురేసి గుంపులు చేయండి. ఆటకు మూడు బాల్స్, ఎక్స్‌ట్రా బాల్ సెట్టింగుల్లో ఆఫ్. మొదటి స్థానానికి 4, రెండుకు 2, మూడుకు 1, నాలుగుకు సున్నా పాయింట్లు. స్కోరు ఎంత తేడాతో గెలిచారన్నది లెక్కలోకి రాదు కాబట్టి కొత్తవాళ్లు చివరిదాకా పోటీలో ఉంటారు. ఆడే వరసను ప్రతి ఆటకూ మార్చండి, నాలుగో ఆటగాడికి ముందువాళ్లను చూసే లాభం ఉంటుంది.

టిల్ట్ పెండ్యులాన్ని (మెషిన్‌ని ఎక్కువగా ఊపితే ఆట ఆపే లోలకాన్ని) ముందురోజే సరిచూడండి. కాస్త తోసినా ఆగిపోయేంత బిగువుగా ఉంటే పెద్దవాళ్లకు విసుగు, మరీ వదులైతే మెషిన్‌ని ఎత్తి కుదేస్తారు.

గోడ మీద తెలుగులో ఒక కాగితం అంటించండి: బాల్ ఎలా మొదలవుతుంది, ముందుగా ఏం కొట్టాలి, ఏది కొడితే మల్టీబాల్ (ఒకేసారి చాలా బంతులు), ఎంత తోయొచ్చు. ఐదు లైన్లు దాటితే ఎవరూ చదవరు. చిన్నపిల్లలకు కదలని పీట. చాయ్ గ్లాసులకు మెషిన్‌కు దూరంగా వేరే బల్ల, అద్దం మీద పెట్టిన గ్లాసు వాలుకు జారి లాక్‌బార్ సందులోంచి లోపలికే పోస్తుంది. అపార్ట్‌మెంటైతే సెట్టింగుల్లో నాకర్ (గెలిచినప్పుడు పెట్టెను టక్కుమని కొట్టే కాయిల్) ఆఫ్ చేసి, రాత్రి తొమ్మిదిన్నరకు ఆపేయండి.

జనం వచ్చే ముందు:

☐ అద్దం, బాల్స్ తుడిచారా, బాల్స్ లెక్క సరిపోయిందా
☐ టెస్ట్ మెనూలో స్విచ్‌లు, కాయిల్స్ ఒకసారి చూశారా
☐ ఎర్త్ మళ్లీ కొలిచారా, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూశారా
☐ ఆఫ్ స్విచ్ ఎక్కడుందో ఇంకో ఇద్దరికి చూపించారా
☐ ఫ్యూజులు, టార్చి, పానాలు చేతికందే దూరంలో ఉన్నాయా
☐ మెషిన్ మీద కాయిన్ డోర్ పక్కన నోటుబుక్కు, పెన్ను వేలాడుతున్నాయా

ఆ నోటుబుక్కు ఆడేవాళ్ల కోసం. "ఎడమ ర్యాంపు లెక్కపెట్టడం లేదు", "కుడి ఫ్లిప్పర్ అరగంటకు నీరసపడుతోంది" అని వాళ్లు రాసిందే మర్నాటి పని పట్టిక. మీరు బాగుచేసినప్పుడు దాని ఎదుటే తేదీ, మార్చిన భాగం, ఫ్యూజు విలువ రాయండి. మెషిన్ ఇంకొకరికి కొన్నాళ్లు ఇస్తే, లేదా అమ్మేస్తే, తాళాలతోపాటు ఆ పుస్తకం కూడా ఇవ్వాలి.